ఇరవై ఒక్క నిమిషాల తీర్పు: పార్క్ గున్-హే పదవి ఎందుకు పోయింది

2017 మార్చి 10, ఉదయం 11 గంటలు. సియోల్‌లోని రాజ్యాంగ న్యాయస్థానంలో తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి లీ జుంగ్-మి తీర్పు చదవడం మొదలుపెట్టారు. ఆ ఉదయం ఆమె కారు దిగినప్పుడు జుట్టుకు చుట్టుకున్న రెండు గులాబీ రంగు రోలర్లు అలాగే ఉండిపోయాయి. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. అధ్యక్షురాలు పార్క్ గున్-హే మీద పార్లమెంటు మోపిన ఆరోపణలను ఆమె ఒక్కొక్కటిగా తీసుకున్నారు. నచ్చని అధికారులను పదవుల నుంచి తప్పించారన్నది మొదటిది. అందుకు కారణం ఇదేనని తేల్చే ఆధారాలు చాలవన్నారు. పత్రికా స్వేచ్ఛను దెబ్బతీశారన్నది రెండోది. దానికీ ఆధారాలు చాలవన్నారు. 304 మంది ప్రాణాలు పోయిన సెవోల్ ఓడ ప్రమాదం రోజున అధ్యక్షురాలు తన బాధ్యత నెరవేర్చలేదన్నది మూడోది. అది ఈ న్యాయస్థానం తేల్చే విషయం కాదన్నారు.

ఆరోపణలు ఇలా వరుసగా వీగిపోతుంటే బయట నిలబడిన జనం ఊపిరి బిగబట్టారు. అప్పుడు నాలుగోది వచ్చింది. ఏ పదవీ లేని ఒక మహిళ చేతికి ప్రభుత్వ రహస్య పత్రాలు అందడం, ఆమె లాభం కోసం అధ్యక్ష పదవిని వాడడం, ఆ సంగతిని దాచడం. 11 గంటల 21 నిమిషాలకు చివరి వాక్యం వెలువడింది. ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా పార్క్‌ను పదవి నుంచి తొలగించారు. దక్షిణ కొరియాలో అభిశంసన ద్వారా అధ్యక్ష పదవి పోవడం అదే మొదటిసారి.

మన దగ్గర ఈ కథను చాలామంది 'మంత్రగత్తె స్నేహితురాలి మాట విని పదవి పోగొట్టుకున్న అధ్యక్షురాలు' అని గుర్తుపెట్టుకున్నారు. ఇంకొందరు 'సామ్‌సంగ్ లంచం కేసు' అంటారు. మొదటిది తీర్పుకు ఆధారమే కాదు. రెండోది ఆ తర్వాత నడిచిన క్రిమినల్ కేసు. ఆ రోజు ఆమెను దించిన కారణం ఈ రెండింటికన్నా సాదాగా ఉంటుంది, కానీ నా దృష్టిలో చాలా లోతైనది. ఓటు వేసి ప్రజలు తనకిచ్చిన అధికారాన్ని ఆమె ఎవరికీ జవాబుదారీ కాని మనిషికి వాడుకోనిచ్చారు, అడిగిన ప్రతిసారీ అబద్ధం చెప్పారు. ఈ తేడా అర్థం కావాలంటే చిక్కుముడిని మొదటి నుంచీ విప్పాలి.

పార్క్ గున్-హే సైనిక నియంత పార్క్ చుంగ్-హీ కూతురు. 1974 ఆగస్టు 15న తండ్రికి గురిపెట్టిన దాడిలో తల్లి చనిపోయింది. ఫ్రాన్సులో చదువుకుంటున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి తిరిగొచ్చి తండ్రి పక్కన దేశ ప్రథమ మహిళ పాత్ర పోషించాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే చోయ్ తే-మిన్ అనే మత గురువు ఆమెకు దగ్గరయ్యాడు. రకరకాల మతాల నుంచి తీసుకున్న సంగతులతో ఒక చిన్న సంప్రదాయాన్ని నడిపిన మనిషి. 1979 అక్టోబర్ 26న తండ్రిని ఆయన సొంత గూఢచార సంస్థ అధిపతే కాల్చి చంపాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ తుపాకీ గుళ్లకు పోయిన మనిషి లోకాన్ని నమ్మడం మానేసి, ఒకే ఒక్క ఇంటిని నమ్మితే ఆశ్చర్యపోలేం. ఆ ఇల్లు చోయ్ కుటుంబం. గురువు 1994లో చనిపోయాడు. ఆయన కూతురు చోయ్ సూన్-సిల్ మాత్రం పార్క్ వెన్నంటే ఉండిపోయారు. ఆమె మాజీ భర్త ఒకప్పుడు పార్క్‌కు రాజకీయ సహాయకుడు.

ఇంతవరకు తప్పేమీ లేదు. కష్టకాలంలో తోడున్న స్నేహితురాలు ఎవరికైనా ఉండవచ్చు. 2012 చివర పార్క్ 51 శాతానికి పైగా ఓట్లతో గెలిచి, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అధ్యక్ష కార్యాలయమైన నీలి భవనంలో అడుగుపెట్టే నాటికే అసలు సమస్య మొదలైంది. స్నేహం వెంట ప్రభుత్వ పత్రాలు కూడా గేటు దాటడం మొదలైంది. ప్రసంగాల ముసాయిదాలు, నియామకాల వివరాలు, విదేశీ పర్యటనల సమాచారం పార్క్ ఆంతరంగిక కార్యదర్శి జియోంగ్ హో-సియోంగ్ ద్వారా చోయ్‌కి చేరేవి. 2013 జనవరి నుంచి 2016 ఏప్రిల్ దాకా ఇది సాగిందని న్యాయస్థానం నిర్ధారించింది. చోయ్‌కి ప్రభుత్వంలో ఉద్యోగం లేదు, ప్రమాణ స్వీకారం లేదు. పార్లమెంటు ఆమెను పిలిచి అడగడానికి ఆమె ఉందన్న సంగతే బయటికి తెలియదు.

రెండో పాయ ఫౌండేషన్లది. మిర్ ఫౌండేషన్ 2015 అక్టోబర్‌లో, కె-స్పోర్ట్స్ ఫౌండేషన్ 2016 జనవరిలో పుట్టాయి. పైకి ఒకటి సంస్కృతి కోసం, ఇంకొకటి క్రీడల కోసం. 2015 జూలైలో పార్క్ పెద్ద వ్యాపార సమూహాల అధిపతులను విడివిడిగా కలిశారు. తర్వాత అధ్యక్షురాలి ఆర్థిక కార్యదర్శి ఆన్ జోంగ్-బోమ్ వ్యాపార సంఘాల సమాఖ్య ద్వారా చందాల పని నడిపించాడు. 53 కంపెనీల నుంచి 7,740 కోట్ల వోన్‌లు వచ్చిపడ్డాయి. అప్పటి మారకంలో మన డబ్బులో సుమారు 450 కోట్ల రూపాయలు. సామ్‌సంగ్ అందరికన్నా ఎక్కువ ఇచ్చింది, తర్వాతి స్థానం హ్యుందాయ్ సమూహానిది. మన పెనుకొండ దగ్గర కార్లు తయారుచేస్తున్న కియా ఆ సమూహంలోదే. ఈ ఫౌండేషన్లలో ఎవరిని పెట్టాలో, ఏ పనులు చేయాలో చెప్పింది మాత్రం చోయ్. డబ్బిచ్చిన కంపెనీలకు నిర్వహణలో నోరెత్తే వీలు లేదు. దేశాధ్యక్షురాలి తరఫున వచ్చిన అడుగుడు కంపెనీకి అడుగుడులా వినిపించదు, ఆజ్ఞలా వినిపిస్తుంది. తీర్పులో న్యాయమూర్తులు పట్టుకున్న కీలకం ఇదే. కంపెనీల ఆస్తి హక్కునూ, తమ ఇష్టప్రకారం వ్యాపారం చేసుకునే స్వేచ్ఛనూ అధ్యక్షురాలు ఉల్లంఘించారన్నారు.

మూడో పాయ గుర్రాలది. సామాన్య జనానికి కడుపు మండించింది ఇదే. చోయ్ కూతురు చుంగ్ యూ-రా గుర్రపు స్వారీ క్రీడాకారిణి. 2014 ఇంచియోన్ ఆసియా క్రీడల్లో జట్టుతో కలిసి స్వర్ణం గెలిచింది. ఆమె జర్మనీలో శిక్షణ పొందడానికి చోయ్ పెట్టిన కంపెనీతో సామ్‌సంగ్ 2015 ఆగస్టులో ఒప్పందం చేసుకుంది, ఖరీదైన గుర్రాలు కొనిచ్చింది. సామ్‌సంగ్‌కు ఈ అవసరం ఎందుకొచ్చింది? సంస్థ అధిపతి లీ కున్-హీ 2014 మేలో గుండెపోటుతో పడిపోయారు. కొడుకు లీ జే-యోంగ్ చేతికి పగ్గాలు గట్టిగా చిక్కాలంటే సామ్‌సంగ్ సి అండ్ టి, చేయిల్ ఇండస్ట్రీస్ అనే రెండు కంపెనీలు కలవాలి. కొడుక్కి ఎక్కువ వాటా ఉన్నది చేయిల్‌లో. సామ్‌సంగ్ ఎలక్ట్రానిక్స్ వాటాలున్నది సి అండ్ టిలో. ఒక సి అండ్ టి వాటాకు 0.35 చేయిల్ వాటా అన్న లెక్క కొడుక్కి లాభం, సి అండ్ టి వాటాదారులకు నష్టమని విమర్శకులు మొత్తుకున్నారు. ఆ వాటాదారుల్లో పెద్దది జాతీయ పింఛను నిధి, అంటే కొరియా ప్రజల ముసలితనపు పొదుపు. 2015 జూలై 17న ఆ నిధి విలీనానికే ఓటు వేసింది. అలా ఓటు వేసేలా ఒత్తిడి తెచ్చినందుకు అప్పటి ఆరోగ్య శాఖ మంత్రి తర్వాత జైలుకు వెళ్లాడు. ఆ ఓటింగు జరిగిన ఎనిమిది రోజులకు పార్క్, లీ జే-యోంగ్ ఏకాంతంగా కలిశారు.

అంటే మూడు పాయలూ వేర్వేరు నేరాలు. పత్రాల లీకు రహస్యాల చట్టం కిందికి వస్తుంది. ఫౌండేషన్లది అధికార దుర్వినియోగం. గుర్రాలు లంచం. మూడింటి కొసా ఒకే మనిషి చేతిలో ఉండడం వల్ల జనానికి ఒకే కథగా కనిపించింది.

ఇదంతా ఒక్క రోజులో బయటపడలేదు. 2014 నవంబర్‌లోనే సెగ్యే ఇల్బో పత్రిక నీలి భవనం లోపలి పత్రం ఒకటి ప్రచురించింది. చోయ్ మాజీ భర్త తెర వెనుక నుంచి ప్రభుత్వ వ్యవహారాల్లో వేలు పెడుతున్నాడన్నది దాని సారం. ఆ పత్రం రాసిన పోలీసు అధికారి దర్యాప్తులో ఒక మాట అన్నాడు: దేశంలో అధికారంలో మొదటి స్థానం చోయ్ సూన్-సిల్‌ది, రెండో స్థానం ఆమె భర్తది, అధ్యక్షురాలిది మూడో స్థానం మాత్రమేనని. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. పార్క్ ఆ వార్తను గాలి కబుర్లుగా కొట్టిపారేశారు. ప్రాసిక్యూటర్లు పత్రంలో ఉన్నది నిజమా కాదా అని లోతుగా వెతకలేదు, అది ఎలా బయటికి వచ్చిందన్న దాని మీద పడ్డారు. ఆ రోజు ఆ పని సరిగా జరిగి ఉంటే, ఫౌండేషన్లు పుట్టడానికి ముందే ఈ కథ ముగిసేది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇదే.

తీగ లాగింది చివరికి విద్యార్థినులు. సియోల్‌లోని ఎహ్వా మహిళా విశ్వవిద్యాలయంలో 2016 జూలై 28న ధర్నా మొదలైంది. అందుకు చోయ్‌తో ఏ సంబంధమూ లేదు. ఉద్యోగులకు డిగ్రీలిచ్చే కొత్త కాలేజీ పెట్టాలన్న యాజమాన్యం నిర్ణయాన్ని వాళ్లు వ్యతిరేకించారు. రెండు రోజులకే క్యాంపస్‌లోకి వందల కొద్దీ పోలీసులు దిగారు. అమ్మాయిలు వెనక్కి తగ్గలేదు. ధర్నా సాగుతుండగానే చుంగ్ యూ-రా అదే విశ్వవిద్యాలయంలో ఎలా సీటు సంపాదించిందో, తరగతులకు రాకుండానే మార్కులు ఎలా వచ్చాయో బయటికి పొక్కింది. 'డబ్బు కూడా ఒక ప్రతిభే, లేకపోతే మీ అమ్మానాన్నల్ని తిట్టుకోండి' అనే అర్థం వచ్చేలా ఆమె గతంలో ఫేస్‌బుక్‌లో పెట్టిన మాటలూ పైకి తేలాయి. కొరియాలో కళాశాల ప్రవేశ పరీక్ష అంటే ఎలాంటిదో మన ఎంసెట్, జేఈఈ ఇళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. పరీక్ష రోజు విమానాలు కూడా కాసేపు ఆగే దేశం అది. పిల్లల చదువు కోసం ఇల్లు అప్పుల్లో పడేసుకున్న తల్లిదండ్రులకు ఫౌండేషన్ల లెక్కలు అర్థం కాకపోవచ్చు, ఈ మాట మాత్రం సూటిగా తగిలింది. అక్టోబర్ 19న విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు రాజీనామా చేశారు.

ఈలోగా పత్రికలు తమ పని చేస్తున్నాయి. టీవీ చోసున్ జూలైలోనే మిర్ ఫౌండేషన్ చందాల సంగతి బయటపెట్టింది. ఇది సంప్రదాయవాద ఛానెల్, పార్క్ పక్షానికి దగ్గరిదన్న పేరున్నది. దానికి పూర్తి భిన్నమైన రాజకీయాలున్న హాంగ్యోరే దినపత్రిక సెప్టెంబర్ 20న చోయ్ పేరును ఫౌండేషన్లతో ముడిపెట్టింది. అక్టోబర్ 24 ఉదయం పార్క్ పార్లమెంటుకు వెళ్లి రాజ్యాంగ సవరణ ప్రతిపాదించారు. చర్చ అంతా దాని మీదకు మళ్లేదేమో కూడా. ఆ సాయంత్రమే జేటీబీసీ ఛానెల్ ఒక టాబ్లెట్ కంప్యూటర్‌ను దొరకబుచ్చుకున్నామని చెప్పి, అందులోని పత్రాలను చూపించింది. అధ్యక్షురాలు ప్రసంగించక ముందే ఆ ప్రసంగాలు 44 అందులో ఉన్నాయి. 2014 మార్చిలో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉభయ కొరియాల ఏకీకరణ మీద ఆమె చేసిన ముఖ్యమైన ప్రసంగం కూడా ఉంది.

మర్నాడే పార్క్ టీవీలో క్షమాపణ చెప్పారు. కష్టకాలంలో తోడున్న స్నేహితురాలి సలహా తీసుకున్నానని, కార్యాలయం కుదురుకోగానే ఆపేశానని అన్నారు. ఇందులో రెండో భాగం అబద్ధమని తర్వాత తేలింది. అసలు తప్పుకన్నా ఈ మాట ఆమెకు ఎక్కువ చేటు చేసిందని తీర్పు చదివితే తెలుస్తుంది.

అక్టోబర్ 29న సియోల్ వీధుల్లో మొదటి కొవ్వొత్తుల సభ జరిగింది. తర్వాత ప్రతి శనివారం, గడ్డకట్టే చలిలో, గ్వాంగ్‌హ్వామున్ కూడలి నిండిపోయింది. ప్రజాభిప్రాయ సేకరణలో ఆమె ఆదరణ 4 శాతానికి పడిపోయింది. గాలి వీస్తే కొవ్వొత్తి ఆరిపోతుందని అధికార పక్ష సభ్యుడొకరు అంటే, జనం బ్యాటరీ కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు. నన్ను ఎక్కువగా కదిలించేది ఇంకొకటి. పోలీసులు నీలి భవనం వైపు ఊరేగింపులను నిషేధించిన ప్రతిసారీ నిర్వాహకులు కోర్టుకు వెళ్లారు, కోర్టు ప్రతి వారమూ కొంచెం కొంచెం దగ్గరికి అనుమతించింది. నవంబర్ 26న 200 మీటర్ల దూరం దాకా. డిసెంబర్ 3న 100 మీటర్ల దాకా. ఆ రోజు దేశమంతటా కలిపి 23 లక్షల మంది వచ్చారని నిర్వాహకుల లెక్క.

ఇక్కడ మన పాఠకులకు ఒక సందేహం రావచ్చు. ఇంత జరిగాక అవిశ్వాస తీర్మానం పెడితే సరిపోదా? మన ప్రధానమంత్రి లోక్‌సభ విశ్వాసం ఉన్నంతవరకే పదవిలో ఉంటారు. కొరియా అధ్యక్షుడిని ప్రజలు నేరుగా, ఒకే ఒక్కసారికి, ఐదేళ్ల కోసం ఎన్నుకుంటారు. పార్లమెంటుకు నచ్చకపోయినంత మాత్రాన దిగిపోరు. రాజీనామా చేయకపోతే మిగిలేది అభిశంసన ఒక్కటే. దానికి రెండు గుమ్మాలు. మొదట 300 మంది సభ్యుల జాతీయ అసెంబ్లీలో కనీసం 200 ఓట్లు. తర్వాత తొమ్మిది మంది న్యాయమూర్తుల రాజ్యాంగ న్యాయస్థానంలో కనీసం ఆరుగురి సమ్మతి.

మొదటి గుమ్మం దాటాలంటే ప్రతిపక్షం బలం చాలదు, పార్క్ సొంత సేనూరి పార్టీ సభ్యులు కలిసిరావాలి. నవంబర్ 29న పార్క్ తెలివైన ఎత్తు వేశారు. తాను ఎప్పుడు, ఎలా దిగిపోవాలో పార్లమెంటే నిర్ణయించాలన్నారు. ఆ మాటతో సొంత పార్టీలోని తిరుగుబాటుదారులు తటపటాయించారు. ఆ వారాంతమే డిసెంబర్ 3 సభ. డిసెంబర్ 9న ఓటింగు జరిగినప్పుడు అనుకూలంగా 234, వ్యతిరేకంగా 56 పడ్డాయి. అంటే సొంత పార్టీ నుంచి దాదాపు సగం మంది ఆమెకు ఎదురు తిరిగారు. ప్రేక్షకుల గ్యాలరీలో సెవోల్ ఓడలో బిడ్డల్ని పోగొట్టుకున్న కుటుంబాలు కూర్చుని ఉన్నాయి.

రెండో గుమ్మం ఇంకా కఠినం. దానికి 2004 నాటి ముందు కథ ఉంది. అధ్యక్షుడు రోహ్ మూ-హ్యూన్‌ను పార్లమెంటు అభిశంసించింది. చట్టం ఉల్లంఘించిన మాట నిజమే, కానీ ప్రజలు ఎన్నుకున్న వ్యక్తిని తొలగించేంత తీవ్రమైనది కాదని రాజ్యాంగ న్యాయస్థానం ఆయనను తిరిగి కూర్చోబెట్టింది. తప్పు జరగడం వేరు, పదవి పోయేంత తప్పు జరగడం వేరు అన్న గీత అప్పుడు గీసింది. పార్క్ కేసులో పార్లమెంటు పక్షం న్యాయవాదులు ఆ గీతను చక్కగా అర్థం చేసుకున్నారు. లంచం నేరాన్ని నేరంగా రుజువు చేయాలంటే ఏడాదికి పైగా పడుతుంది. అభిశంసన క్రిమినల్ విచారణ కాదు. అందుకే ఆరోపణలను శిక్షాస్మృతి సెక్షన్లుగా కాకుండా రాజ్యాంగ ఉల్లంఘనలుగా తిరిగి అమర్చారు. న్యాయస్థానం ఎక్కడా 'ఆమె లంచం తీసుకున్నారు' అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు.

గీత దాటినట్టు ఎలా తేలింది? చోయ్ జోక్యాన్ని పార్క్ పూర్తిగా దాచిపెట్టారు, అనుమానం వచ్చిన ప్రతిసారీ కాదన్నారు, పైగా అనుమానం వ్యక్తం చేసినవారినే నిందించారు. దాంతో పార్లమెంటు అదుపూ, పత్రికల నిఘా పనిచేయకుండా పోయాయి. దర్యాప్తుకు సహకరిస్తానని జనానికి మాటిచ్చి, ప్రాసిక్యూటర్లు పిలిస్తే వెళ్లలేదు, నీలి భవనం తనిఖీకి ఒప్పుకోలేదు. ఇటువంటి మనిషికి రాజ్యాంగాన్ని కాపాడే సంకల్పం ఉందని నమ్మలేమని న్యాయమూర్తులు అన్నారు. 2014లో గాలి కబుర్లన్న ఆ మాట, 2016 అక్టోబర్‌లోని ఆ సగం క్షమాపణ, చివరికి ఇలా తిరిగొచ్చాయి. ఆ నాలుగేళ్లలో ఏ రోజైనా ఆమె నిజం చెప్పి ఉంటే తీర్పు వేరుగా ఉండేదేమోనని నాకు అనిపిస్తుంది.

క్రిమినల్ కేసు తన దారిన తాను నడిచింది. ఫౌండేషన్ల చందాలు లంచం కింద నిలవలేదు, అధికార దుర్వినియోగం కింద నిలిచాయి. గుర్రాలు మాత్రం లంచమేనని 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2021 జనవరిలో పార్క్‌కు 20 ఏళ్ల శిక్ష ఖరారైంది, ఎన్నికల్లో జోక్యం కేసులోని రెండేళ్లు దానికి అదనం. చోయ్‌కి 18 ఏళ్లు. లీ జే-యోంగ్ కొంతకాలం జైల్లో ఉండి 2022లో క్షమాభిక్ష పొందారు. విలీనానికి సంబంధించిన వేరే కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆయనను నిర్దోషిగా వదిలేసింది. పార్క్‌కు 2021 డిసెంబర్‌లో అధ్యక్షుడు మూన్ జే-ఇన్ క్షమాభిక్ష ఇచ్చారు. ఆమె పతనం తర్వాతి ఎన్నికల్లో గెలిచినవారు ఆయనే.

ఇంకొక పేరు చెప్పాలి. పార్క్, సామ్‌సంగ్ వ్యవహారాన్ని తవ్విన ప్రత్యేక ప్రాసిక్యూటర్ బృందంలో ముఖ్యుడు యూన్ సుక్-యోల్. ఆ కీర్తితోనే ఎదిగి 2022లో పార్క్ పార్టీ వారసుల టికెట్ మీదే అధ్యక్షుడయ్యాడు. 2024 డిసెంబర్ 3 రాత్రి సైనిక పాలన ప్రకటించాడు. పార్లమెంటు ఆ రాత్రే దాన్ని రద్దు చేసింది. 2025 ఏప్రిల్ 4న అదే న్యాయస్థానం, అలాగే ఎనిమిది మంది ఏకగ్రీవంగా, ఉదయం 11 గంటల 22 నిమిషాలకు ఆయనను తొలగించింది.

తీర్పు తాకని మూడో ఆరోపణ దగ్గరికి మళ్లీ రావాలి. 2014 ఏప్రిల్ 16 ఉదయం సెవోల్ ఓడ మునిగిపోతున్నప్పుడు అందులో ఆన్సాన్‌లోని దాన్వన్ ఉన్నత పాఠశాల పిల్లలు విహారయాత్రకు జేజు దీవికి వెళ్తున్నారు. చనిపోయిన 304 మందిలో 250 మంది వాళ్లే. సాయంత్రం 5 దాటాక గానీ అధ్యక్షురాలు విపత్తు కేంద్రంలో కనిపించలేదు. మొదటి నివేదిక ఆమెకు 10 గంటలకే అందిందని నీలి భవనం చెబుతూ వచ్చింది. 10.17కు ఓడ లోపలి నుంచి చివరి సందేశం వచ్చింది. నివేదిక అందింది 10.20 ప్రాంతంలోనని, కాగితాల్లో సమయం మార్చారని 2018 మార్చిలో ప్రాసిక్యూటర్లు వెల్లడించారు. ఆ మధ్యాహ్నం రెండుంబావుకు అధ్యక్షురాలి నివాసానికి చోయ్ సూన్-సిల్ వచ్చిందని, విపత్తు కేంద్రానికి వెళ్లాలన్న నిర్ణయం ఆమె కూర్చున్న సమావేశంలోనే జరిగిందని కూడా చెప్పారు. న్యాయస్థానం ముందు ఈ సమాచారం లేదు. ఇద్దరు న్యాయమూర్తులు మాత్రం ఆ రోజు ఆమె తన విధిని చిత్తశుద్ధితో నిర్వర్తించలేదని విడిగా రాసిపెట్టారు.

2017 మార్చి 31 తెల్లవారుజామున పార్క్ గున్-హేను సియోల్ నిర్బంధ కేంద్రానికి తరలించారు. దాదాపు మూడేళ్లు సముద్రం అడుగున ఉన్న సెవోల్‌ను అంతకు వారం ముందే పైకి తీశారు. అదే రోజు మధ్యాహ్నం, తుప్పు పట్టి పక్కకు ఒరిగిన ఓడ మోక్పో రేవుకు చేరింది. గట్టు మీద ఇంకా శవం కూడా దొరకని బిడ్డల తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారు.